ఏప్రిల్ 14న నాన్న గురించి రెండు నిమిషాలు మాట్లాడాలి. జబ్బు సంగతి చెప్పాలా?

గుంటూరు_అమ్మాయి:
మా నాన్న లీడింగ్ ఫైర్‌మన్‌గా రిటైరయ్యారు. నిరుడు ఊపిరితిత్తులు గట్టిపడిపోయి చనిపోయారు. ఫైర్ సర్వీస్ వారోత్సవాల మొదటి రోజు ఆయన గురించి మాట్లాడమని స్టేషన్ వాళ్లు పిలిచారు. అక్కడ తలుచుకునేది మంటల్లో పోయినవాళ్లని. ఈయన మంచం మీద పోయారు. కాగితాల కోసం తిరిగినప్పుడు "డ్యూటీలో పోలేదు కదమ్మా" అని ఒకాయన అననే అన్నాడు.

నాకు బాగా గుర్తున్నది మిర్చి కోల్డ్ స్టోరేజీ మంట. పైకి కనిపించే మంట ఒక్క పూటలో ఆరింది. లోపల టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మాత్రం నాలుగు రోజులు రాజుకుంటూనే ఉన్నాయి. పైనుంచి ఎన్ని నీళ్లు కొట్టినా అడుగు టిక్కీకి తడి అందదట. జేసీబీతో గోడ పగలగొట్టి, ఒక్కొక్కటీ బయటికి లాగి తడిపారు. వీధిలో వాళ్లం ముక్కుకు గుడ్డ కట్టుకుని తిరిగాం. ఆయనా గుడ్డే కట్టుకున్నారు, కాకపోతే లోపల. ఆ ఖాకీ బట్టలు ఉతికి అమ్మ రాత్రంతా మజ్జిగ గిన్నెలో చేతులు పెట్టుకుని కూర్చుంది. ఈయనేమో "పొగ వాసన చూసి ఏ రకం మిర్చో, తేజానో 334నో చెప్పేస్తా" అని జోకులు.

చివర్లో ఇంట్లో ఆక్సిజన్ మిషన్. ఆ మోతలోనూ సైరన్ వినబడితే వేలెత్తి మమ్మల్ని ఆపేవారు. కాసేపు విని "ఆటోనగర్ వైపు" అనేవారు. నిజమో కాదో మేమెప్పుడూ వాకబు చేయలేదు.

పాతకాపు_101:
చెప్పమ్మా, ఎందుకు చెప్పకూడదు? మా రోజుల్లో బీఏ సెట్లు, అంటే గాలి సిలిండరున్న మాస్కులు, స్టేషన్‌కి ఒకటో రెండో. సిలిండర్ అరగంట, మహా అయితే నలభై నిమిషాలు. నాలుగు రోజుల మంటకి ఏ మూలకి? పైగా మంట ఆరగానే పనైపోయిందని మాస్కు తీసేసేవాళ్లం. నివురు కదిపేటప్పుడే అసలు విషం లేచేది. తడిగుడ్డ మసిని కాస్త ఆపుతుందేమో గానీ గ్యాసును ఆపదు, ఆ ముక్క మాకెవరు చెప్పారు! 1944లో ఇదే ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో పేలిన ఫోర్ట్ స్టికీన్ ఓడలో కూడా పేలుడు సామానుతో పాటు పత్తి బేళ్లున్నాయి. పత్తీ మిర్చీ ఒకటే జాతి, లోపల్లోపల కాలతాయి.

జెర్సీ_బావ:
ఇక్కడ న్యూయార్క్ ఫైర్ డిపార్ట్‌మెంట్‌లో 2001 సెప్టెంబర్ 11న 343 మంది పోయారు. ఆ కూలిన టవర్ల దుమ్ము పీల్చి తర్వాత జబ్బులతో పోయినవాళ్ల లెక్క 2023లో అదే 343కి చేరింది. వాళ్ల పేర్లకీ బ్రూక్లిన్ హెడ్‌క్వార్టర్స్‌లో గోడ ఉంది. అంటే మంచం మీద పోయినా లెక్కలోకే. ఫైర్‌మన్ పని క్యాన్సర్ తెస్తుందని 2022లో డబ్ల్యూహెచ్‌ఓ వాళ్ల క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ తేల్చింది. మీ నాన్నగారిది వేరే జబ్బు కాబట్టి అది మీకు పనికిరాదనుకోండి.

ఎస్ఎఫ్ఓ_గారబ్బాయి:
నాది వేరే మాట. ఆఫీసర్లుంటారు, ఫిర్యాదులా వినిపిస్తుంది. జబ్బుకి ఒక్క వాక్యం చాలు. టిక్కీల సంగతి మాత్రం పూర్తిగా చెప్పండి, కొత్తగా చేరిన కుర్రాళ్లు వింటారు. అమ్మగారిని తీసుకెళ్తే నీడలో కుర్చీ అడగండి, ఎండ దంచేస్తుంది.

గుంటూరు_అమ్మాయి:
అందరికీ థాంక్స్. అమ్మ వస్తానంది. మజ్జిగ సంగతి మాత్రం చెప్పొద్దంటోంది, "అందరిముందూ నా చేతుల గోల ఎందుకే" అని. నేను దాంతోనే మొదలుపెడతా.