దూరం ఒకటే, ఛార్జీలు మాత్రం ఎందుకు ఇంత వేరు?

ప్రశ్న:
ఉక్కు పట్టాలపై తక్కువ ఇంధనంతో నడిచే రైలుకు ఎక్కువ ఛార్జీ, టన్నుల బరువును పది కిలోమీటర్ల ఎత్తుకు మోసుకుపోయే విమానానికి తక్కువ ఛార్జీ కొన్ని మార్గాలలో కనిపిస్తున్నాయి. పైగా ఒకే విమానంలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు చెల్లించిన మొత్తాలకు పొంతనే ఉండదు. దీనికి కారణమేమిటో తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1:
ఇంధనం ఖర్చులో ఒక భాగం మాత్రమే. రైలుకు దారి పొడవునా పట్టాలు, వంతెనలు, సిగ్నళ్లు కావాలి. రోజుకు రెండు రైళ్లు నడిచినా ఇరవై నడిచినా వాటిపై పెట్టిన పెట్టుబడి మారదు. విమానానికి రెండు కొసల్లో రన్‌వేలు, మధ్యలో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ ఉంటే సరిపోతుంది. పన్నుల సంగతి కూడా చూడాలి. అంతర్జాతీయ విమానయానంపై దేశాలు కుదుర్చుకున్న 1944 నాటి షికాగో ఒప్పందంలోని 24వ అధికరణం ప్రకారం, వేరే దేశం నుంచి వచ్చిన విమానపు ట్యాంకులో మిగిలి ఉన్న ఇంధనంపై సుంకం వేయరాదు. తరువాత దేశాలు పరస్పరం కుదుర్చుకున్న ఒప్పందాలు ఆ మినహాయింపును అక్కడ నింపుకునే ఇంధనానికి కూడా చాలావరకు వర్తింపజేశాయి. రైళ్లకు ఇంతటి వెసులుబాటు అన్నిచోట్లా లేదు.

జవాబు 2:
పక్క సీటు సంగతికి వస్తాను. విమానం లేచిన తరువాత ఖాళీ సీటుకు విలువ సున్నా, కాబట్టి ముందుగా కొనే విహారయాత్రికుడికి తక్కువకు అమ్మి, రేపే వెళ్లక తప్పని ఉద్యోగి కోసం కొన్ని సీట్లను ఎక్కువ ధరకు అట్టిపెడతారు. అమెరికాలో 1978లో ఛార్జీలపై ప్రభుత్వ నియంత్రణను తొలగించే చట్టం వచ్చాక, ఈ లెక్కలను కంప్యూటర్లకు అప్పగించడం ఊపందుకుంది. తిరుగు ప్రయాణంతో కలిపి కొన్న టికెట్టు ఒకవైపు టికెట్టుకన్నా చవగ్గా దొరకడం కూడా ఈ కోవలోనిదే. నా దృష్టిలో ఇది కాస్త అన్యాయమే, కానీ అర్థంకాని విషయం మాత్రం కాదు.

జవాబు 3:
మొదటి జవాబు సరైనదే అయినా, ప్రభుత్వం రైలు నష్టాన్ని భరించే చోట్ల లెక్క పూర్తిగా తిరగబడుతుంది; అక్కడ ఛార్జీలో చేరని ఖర్చును పన్నులు కట్టేవారందరూ మోస్తారు. బస్సు చవకగా ఉండటానికీ ఇదే ఒక కారణం: అది నడిచే రోడ్డు దాని ఒక్కదాని కోసం వేసినది కాదు.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలు. మరి సొంత కారు మాటేమిటి?

జవాబు 3:
కారు ఖర్చు అనగానే మనం పెట్రోలు, టోల్ మాత్రమే లెక్కిస్తాం; బీమా, మరమ్మతులు, ఏటేటా తరిగే బండి విలువ ఆ లెక్కలోకి రావు. ఒంటరిగా వెళ్లేవారికి అవన్నీ కలిపితే కారు తరచుగా రైలుకన్నా ఖరీదే. నలుగురు ఎక్కితే మాత్రం టికెట్లు నాలుగింతలవుతాయి, పెట్రోలు దాదాపు అంతే ఉంటుంది.