రొయ్యల చెరువు బోర్డులో ఫ్లాష్ చిప్ మార్చా, డివైస్ ట్రీలో ఎట్టా రాయాలి?

ప్రశ్న (కావలి):
అన్నలూ, మా మామ చెరువు కాడ నీళ్లలో ఆక్సిజన్ రీడింగ్ రాసుకునే లినక్స్ బోర్డు ఒకటి పెట్టా, ఉప్పుగాలికి ఫ్లాష్ చిప్ కాళ్లు తుప్పు పట్టినాయి, అది తీసేసి విన్‌బాండ్ డబ్ల్యూ25క్యూ128 వేశా. బూట్ ఎస్‌డీ కార్డు నుంచే, ఫ్లాష్‌లో లాగ్ ఫైళ్లు (రాసుకున్న రీడింగులు) మాత్రమే. డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏ చిప్ ఎక్కడుందో లినక్స్‌కి చెప్పే ఫైలు) వేరే బోర్డు ఫైల్లోంచి నోడ్ (ఒక చిప్ వివరాలుండే ముక్క) కాపీ కొట్టి, కంపాటిబుల్ అనే లైన్లో (ఏ రకం చిప్పో చెప్పేది) కొత్త చిప్ పేరు రాసి పార్టిషన్ 128 ఎంబీ ఇచ్చా. బూట్‌లో జెడెక్ ఐడీ (చిప్ తన గురించి చెప్పే గుర్తింపు నంబరు) గుర్తుపట్టలేదు, ఎఫ్ఎఫ్ ఎఫ్ఎఫ్ ఎఫ్ఎఫ్ అంటా ఉంది. రాత్రిపూట ఆక్సిజన్ పడిపోతే తెల్లారేసరికి రొయ్య మొత్తం తేలిపోద్ది, కాస్త తొందరగా చెప్పండి.

జవాబు (ఒంగోలు):
128 అంటే మెగాబిట్లు అబ్బయ్యా, 16 ఎంబీనే. చిప్ పేరు రాయటం తప్పు కాదు గానీ దాని పక్కన జెడెక్, ఎస్‌పీఐ-నార్ అనేది కూడా ఉండాల. అప్పుడు కెర్నల్ (లినక్స్‌లో హార్డ్‌వేర్‌ని నడిపే భాగం) హెక్సాలో 9ఎఫ్ కమాండ్ పంపి నువ్వెవరు అని చిప్‌నే అడుగుద్ది, నీ చిప్ ఈఎఫ్ 40 18 అని చెప్పాల, అందులోనే సైజు కూడా తెలిసిపోద్ది. అన్నీ ఎఫ్ఎఫ్ వస్తన్నాయంటే పేరు తెలియక కాదు, చిప్ అసలు పలకట్లేదు. చిప్ తనంతట తాను చెప్పలేనివి ఏ చిప్ సెలెక్ట్ (ఆ చిప్‌ని పిలిచే వైరు) మీద ఉంది, వైరింగ్ ఎంత స్పీడు తట్టుకుంటది, అవి మనమే రాయాల. ఆ చిప్ సెలెక్ట్ నంబరే నోడ్‌లో రెగ్, అది చూడు, స్పీడు 10 మెగాహెర్ట్జ్‌కి దించి చూడు.

జవాబు (నెల్లూరు):
చిప్ మీద చివర్లో జేవీ ఉందో జేడబ్ల్యూ ఉందో కూడా చూడు తమ్ముడూ. జేడబ్ల్యూ 1.8 వోల్టులది, 3.3 బోర్డులో వేస్తే చిప్ దెబ్బతింటది.

కావలి:
జేవీనే అన్నా. రెగ్ 1 ఉండాది, 0 చేశా, ఐడీ వచ్చేసింది! ఇప్పుడు లాగ్ ఫైళ్ల పార్టిషన్ రీడ్ ఓన్లీ అయిపోయింది, నేనైతే ఎక్కడా అట్టా రాయలా. మొదటి 4 కేబీ క్యాలిబ్రేషన్‌కి వదిలి ఆ తర్వాత మొదలుపెట్టా.

ఒంగోలు:
ఆ 4 కేబీనే అడ్డం. ప్రాక్ ఫోల్డర్‌లో ఎంటీడీ ఫైల్ (ఫ్లాష్ పార్టిషన్ల జాబితా) తెరిచి ఎరేజ్‌సైజ్ (ఒక్కసారికి చెరిగే బ్లాక్ సైజు) చూడు, హెక్సాలో 00010000 ఉంటే 64 కేబీ. పార్టిషన్ ఆ హద్దు మీద మొదలవకపోతే రాయనీకుండా కెర్నలే ఆపుద్ది, ఎందుకంటే ఒక బ్లాక్ చెరిపితే పక్క పార్టిషన్ డేటా కూడా పోద్ది. క్యాలిబ్రేషన్‌కి 64 కేబీ ఇచ్చెయ్, 16 ఎంబీలో అదెంత. కెర్నల్‌లో 4 కేబీ సెక్టార్ల ఆప్షన్ ఉంది గానీ యూబీఐఎఫ్ఎస్ లాంటి ఫ్లాష్ ఫైల్ సిస్టమ్‌లకి కనీసం 15 కేబీ బ్లాక్ కావాల, నేనైతే దాని జోలికి పోను.

కావలి:
64 ఇచ్చా అన్నా, రాత్రి 2 గంటల రీడింగ్ కూడా పడింది.