ఒకే మైక్రోసాఫ్ట్ ఆఫీస్ కీ ఇంట్లో మూడు కంప్యూటర్లకు పనిచేస్తుందా?

ప్రశ్న: ఇంట్లో ఒక డెస్క్‌టాప్, రెండు లాప్‌టాప్‌లు ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ హోమ్ అండ్ స్టూడెంట్ 2021 కీ (యాక్టివేట్ చేసే కోడ్) ఉన్న కార్డు కొన్నాం. డెస్క్‌టాప్‌లో యాక్టివేట్ అయింది. అదే కీ పాప లాప్‌టాప్‌కు కొడితే ఇదివరకే వాడేశారంటోంది. మా ఇంట్లో మేమే వాడుకోవడానికి కూడా కుదరదా? పాత 2010తో ఈ తంటా లేదు.

జవాబు: కుదరదండీ. 2010 హోమ్ అండ్ స్టూడెంట్ పెట్టె కొంటే ఒకే ఇంట్లో మూడు పీసీల దాకా వేసుకోవచ్చని లైసెన్సులోనే రాసి ఉండేది. 2013 నుంచి ఆ వెసులుబాటు పోయింది. ఇప్పుడు లెక్క మెషీన్‌కు, మనుషులకు కాదు. ఆ డెస్క్‌టాప్‌లో ఇంటిల్లిపాదికీ వేరే వేరే యూజర్ అకౌంట్లు పెట్టినా అందరూ వర్డ్ వాడుకోవచ్చు. ఒకటి గుర్తుంచుకోండి, హోమ్ అండ్ స్టూడెంట్‌లో షాపు బిల్లులు, వ్యాపారం పనులు చేయడానికి లైసెన్సు ఒప్పుకోదు.

ప్రశ్న: పోనీ, డెస్క్‌టాప్ నుంచి తీసేసి లాప్‌టాప్‌కు మార్చుకోవచ్చా?

జవాబు: మార్చుకోవచ్చు, కానీ 90 రోజులకు ఒక్కసారే. హార్డ్‌వేర్ పాడైతే మాత్రం అంతకంటే ముందే మార్చినా తప్పులేదు. కొత్త పీసీతో పాటే లోడ్ అయి వచ్చిన ఆఫీస్ అయితే ఆ పీసీతోనే పోతుంది, మారదు.

మీరు చేసిన పొరపాటు కీని మళ్లీ కొట్టడం. కార్డు మీద ఉన్న కీ ఒక్కసారే పనిచేస్తుంది. కొట్టగానే లైసెన్సు ఒక మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కు అంటుకుంటుంది, ఆ తర్వాత కార్డు చిత్తుకాగితమే. కాబట్టి ముందు డెస్క్‌టాప్‌లో ఆఫీస్ అన్‌ఇన్‌స్టాల్ చేయండి. లాప్‌టాప్‌లో అదే అకౌంట్‌తో మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీ తెరిచి, సర్వీసెస్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లోంచి ఇన్‌స్టాల్ చేసుకోండి. తర్వాత వర్డ్ తెరిచి అదే అకౌంట్‌తో సైన్ ఇన్ అవ్వాలి.

అన్‌ఇన్‌స్టాల్ చేసే ముందే డెస్క్‌టాప్ వర్డ్‌లో ఫైల్, అకౌంట్ నొక్కి 'బిలాంగ్స్ టు' ఎదురుగా ఎవరి మెయిల్ ఉందో చూడండి. చాలామందికి బోల్తా కొట్టేది ఇక్కడే. కంప్యూటర్ షాపు కుర్రాడు తన మెయిల్‌తో యాక్టివేట్ చేసి ఇచ్చి ఉంటే లైసెన్సు అతని అకౌంట్‌లో ఉన్నట్టు. అప్పుడు బిల్లు మీ చేతిలో ఉన్నా మార్చడం మీ వల్ల కాదు, అతన్నే పట్టుకోవాలి.

మరొకరి జవాబు: మూడింట్లో ఒకేసారి కావాలంటే చందా కట్టి వాడుకునే మైక్రోసాఫ్ట్ 365 దారి. అందులో పర్సనల్ ప్లాన్ అయితే ఒక మనిషి ఐదు డివైజుల్లో సైన్ ఇన్ కావచ్చు. పిల్లల లాప్‌టాప్‌లోనూ మీ అకౌంటే పెట్టారనుకోండి, మీ వన్‌డ్రైవ్ (మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ) ఫైళ్లన్నీ వాళ్ల ముందే ఉంటాయి, ఇంట్లో ఒకరి ఫైలు ఇంకొకరు చెరిపేసే గొడవ కూడా వస్తుంది. ఫ్యామిలీ ప్లాన్‌లో ఆరుగురి దాకా ఎవరి అకౌంటు వారిదే, ఒక్కొక్కరికి 1 టీబీ వన్‌డ్రైవ్ జాగా. మీకు ఇదే నయం.

ప్రశ్న: విండోస్‌కూ ఇదే రూలా?

జవాబు: విండోస్ కూడా ఒక కాపీ ఒక పీసీకే. అది మార్చదగ్గదో కాదో తెలియాలంటే కమాండ్ ప్రాంప్ట్‌లో ఎస్ఎల్ఎంజీఆర్, ఖాళీ, స్లాష్, డీఎల్ఐ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి ఎంటర్ నొక్కండి. చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో రిటైల్ (విడిగా కొన్నది) అని ఉంటే పాత పీసీలోంచి తీసేసి కొత్తదానికి వేసుకోవచ్చు. ఓఈఎం (పీసీతో పాటే వచ్చినది) అని ఉంటే ఆ మదర్‌బోర్డుతోనే సరి. వాల్యూమ్ అని కనిపించిందంటే ఏదో కంపెనీకో కాలేజీకో ఇచ్చిన కీ మీ ఇంటికి వచ్చిందన్నమాట. కొన్ని వందల రూపాయలకు దొరికే కీలలో ఇలాంటివి చాలా ఉంటాయి. వాటిలో కేఎంఎస్ (సంస్థ సొంత సర్వర్ ద్వారా జరిగే) రకం యాక్టివేషన్ 180 రోజులే నిలుస్తుంది, ఆలోపు ఆ సంస్థ సర్వర్‌ను మళ్లీ అందుకోకపోతే ఊడిపోతుంది.

మరొకరి జవాబు: మిగిలిన లాప్‌టాప్‌కు ఆఫీస్ లాంటిదే అయిన లిబ్రేఆఫీస్ వేయండి. ఉచితం, ఎన్ని మెషీన్లలో వేసినా లైసెన్సు అడ్డు చెప్పదు. కాకపోతే అది డాక్యుమెంట్లను మామూలుగా వర్డ్ ఫైలుగా కాక ఓడీటీ అనే వేరే రకం ఫైలుగా సేవ్ చేస్తుంది. టూల్స్, ఆప్షన్స్, లోడ్/సేవ్, జనరల్‌లోకి వెళ్లి టెక్స్ట్ డాక్యుమెంట్లను ఎప్పుడూ వర్డ్ ఫార్మాట్‌లో సేవ్ చేసేలా ఒకసారి మార్చి పెట్టండి.