మైనర్ కార్డు: మూలరూపం పూర్తయ్యాకే ఇన్వర్షన్లా, మొదటి నుంచేనా?

కొత్తవేళ్లు: పియానో ఇటీవలే మొదలుపెట్టాను. ఏ మైనర్ కార్డు (ఏ, సి, ఈ మెట్లు కలిపి నొక్కడం) మూలరూపంలో, అంటే ఏ అడుగున ఉండేలా, కుడిచేతి 1, 3, 5 వేళ్లతో (బొటనవేలు 1, చిటికెనవేలు 5) స్థిరంగా పలుకుతోంది. ఇక మిగతా మైనర్ కార్డులు పట్టుకోవాలా, లేక దీని ఇన్వర్షన్లు (అవే స్వరాలు, మొదటిదానిలో సి, రెండవదానిలో ఈ అడుగున) ముందు నేర్చుకోవాలా? అనుభవజ్ఞులు చెప్పగలరు.

స్వరలిపి: ముందు పన్నెండు శ్రుతుల్లోనూ మూలరూపం రావాలి. మైనర్ అంటే ఆధార స్వరం నుంచి మూడు అరస్వరాలు, అక్కడి నుంచి నాలుగు (నలుపూ తెలుపూ కలిపి పక్కపక్క మెట్ల దూరం ఒక అరస్వరం). ఈ దూరాలు చేతికి అలవాటు కాకముందే ఇన్వర్షన్లలోకి దిగితే, మొదటిదానిలో నాలుగు-ఐదు, రెండవదానిలో ఐదు-మూడు అంటూ కొత్త కొలతలు వచ్చిపడి, ఏది ఎక్కడిదో తెలియకుండా పోతుంది. నాకు నేర్పినవారు అన్నీ ఒకేసారి నెత్తిన పెట్టడం వల్ల, బి ఫ్లాట్ మైనర్ అడిగితే చాలాకాలం మెట్లు వెతుక్కున్నాను.

పక్కవాద్యం: ఇందుకు నేను ఒప్పుకోను. ఏ మైనర్ నుంచి డి మైనర్‌కు మూలరూపంలోనే వెళ్లాలంటే చేయి మొత్తం లేచి దూకాలి. అదే ఏ మెట్టును బొటనవేలి కిందే ఉంచి, మిగిలిన రెండు వేళ్లను సి నుంచి డికి, ఈ నుంచి ఎఫ్‌కు జరిపితే డి మైనర్ రెండవ ఇన్వర్షన్ దానంతటదే వస్తుంది. ఇక సి-ఈ-ఏ, అంటే ఏ మైనర్ మొదటి ఇన్వర్షన్‌కు, 1, 2, 5 వేళ్లు వాడాలి.

సాయంకాలం: దానికీ 1, 3, 5 వేస్తే తప్పేమిటండీ? నాకు హాయిగానే ఉంది.

పక్కవాద్యం: సికీ ఈకీ నడుమ ఒక్క తెల్లమెట్టే ఉంది, ఈకీ ఏకీ నడుమ రెండున్నాయి. ఆ వెడల్పు మధ్యవేలికీ చిటికెనవేలికీ మధ్య పడితే మణికట్టు పక్కకు తిరుగుతుంది. నెమ్మదిగా వాయించినంతసేపూ హాయిగానే ఉంటుంది లెండి.

స్వరలిపి: ఎడమచేతి మాటే ఎత్తలేదు మీరు. అక్కడ మొదటి ఇన్వర్షన్‌కు 5, 3, 1, రెండవదానికి 5, 2, 1. ఇన్ని భేదాలు కొత్తవారి మీద మోపవద్దనే నేనంటున్నది.

పక్కవాద్యం: మీకు నేర్పినవారి మీది కోపాన్ని పద్ధతి మీద తీర్చుకోకండి. నాకు మూలరూపం ఒక్కటే నేర్పి వదిలేశారు. పెళ్లిలో పాటకు వాయించబోతే కార్డు మారినప్పుడల్లా చేయి గెంతి తాళం తప్పింది, పాడే ఆవిడ పాట ఆపి నావైపు చూశారు. ఆ అవమానం మీకేం తెలుసు?

గాంధారం: కర్ణాటక సంగీతం నేర్చిన చెవికి వేరే చిక్కు ఉంది. ఆరు శ్రుతిలో, అంటే ఏ షడ్జమైనప్పుడు, ఏ మైనర్ అంటే షడ్జ, సాధారణ గాంధార, పంచమాలు. సి అడుగున పడగానే నా చెవి దానినే షడ్జంగా పట్టుకుని, ఏను చతుశ్రుతి ధైవతంగా వింటోంది. ఎడమచేత్తో మంద్రంలో ఏ నొక్కి ఉంచితే సర్దుకుంటోంది.

స్వరలిపి: అట్టడుగున ఏ ఉన్నప్పుడు శాస్త్రం ప్రకారం అది మూలరూపమే అవుతుంది. పరీక్షలో అలా గుర్తించకపోతే మార్కులు పోతాయి.

పక్కవాద్యం: పరీక్షా? ఇంతసేపూ మీరు పరీక్షకు చదివేవారి గురించి మాట్లాడుతున్నారా? నేను పాటకు తోడు వాయించేవారి గురించి చెబుతున్నాను. ఇంతకీ ప్రశ్న అడిగినవారికి ఏం కావాలో మనమెవరమూ అడగలేదు.

కొత్తవేళ్లు: పరీక్షలేమీ లేవండీ. మా అక్క పాడుతుంది, ఆమెకు తోడుగా వాయించాలి. ఆమె శ్రుతి ఐదున్నర.

స్వరలిపి: అంటే షడ్జం జి షార్ప్, కార్డు జి షార్ప్ మైనర్: జి షార్ప్, బి, డి షార్ప్. నలుపు, తెలుపు, నలుపు. పన్నెండు శ్రుతులూ రావాలని నేనన్నది ఇందుకే.

పక్కవాద్యం: ట్రాన్స్‌పోజ్ మీట (వాద్యం శ్రుతిని పైకీ కిందికీ జరిపేది) నొక్కి ఏ మైనర్‌లోనే వాయించుకోవచ్చు.

కొత్తవేళ్లు: మా ఇంట్లో ఉన్నది పాత పియానో, దానికి ఆ మీట ఉండదు.

పక్కవాద్యం: అయినా సూత్రం అదే. జి షార్ప్‌ను కదపకుండా బిని సి షార్ప్‌కు, డి షార్ప్‌ను ఈకి జరిపితే సి షార్ప్ మైనర్ రెండవ ఇన్వర్షన్ వస్తుంది.

స్వరలిపి: ఇంకా తెల్లమెట్లే పూర్తిగా కుదరనివారి చేత బొటనవేలిని నల్లమెట్టు మీద పెట్టిస్తున్నారా?