ఒడిబియ్యం, హక్కసోడ్: ఆడబిడ్డకు దక్కేది ఏది?

దెగ్లూర్ నుంచి (చర్చ మొదలుపెట్టినవారు):

పెళ్లయిన ఆడబిడ్డ ఒడిలో బియ్యం పోసి దీవించే ఆచారం ఒడిబియ్యం. ఆ మాట మహారాష్ట్ర సరిహద్దులో ఎలా వాడతారో చెప్తాను. నాందేడ్ జిల్లా దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్ తాలూకాల తెలుగిళ్లలో "ఒడిబియ్యం పోసుడు" అనే అంటాం. పక్కింటి మరాఠీవాళ్లకు అది "ఓటీ భరణే". బీదర్ వైపు కన్నడంలో "ఉడి తుంబువుదు". మా దగ్గర పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు, పసుపు కొమ్ములు, రవికె గుడ్డ. మరాఠీవాళ్ల ఇళ్లలో ఖణ్ అనే రవికె గుడ్డ, కొబ్బరికాయ ఉండాల్సిందే. అమ్మవారికి మనమూ పోస్తాం, వాళ్లూ నింపుతారు. కానీ ఒడిబియ్యం అనగానే మన ఆడబిడ్డ మనసు పోయేది తల్లిగారింటికే. అన్నదమ్ములు పిలిచి, పీట మీద కూర్చోబెట్టి, వదిన చేత ఒడి నింపిస్తేనే ఆ ఇల్లు ఇంకా తనదని ఆమెకు ధైర్యం.

అందుకే ఈ మాటకు ఇంకో ముఖం వచ్చింది. మా వైపు ఆడవాళ్ల నోట నేను విన్న మాట ఇది: "భూమిల పాలు అడిగితే ఒడిబియ్యం బందైతది." తండ్రి పోయాక సాత్‌బారాలో (మహారాష్ట్రలో భూమి హక్కుల రికార్డు) పేర్లు ఎక్కించేటప్పుడు అక్కచెల్లెళ్లను పిలిచి హక్కసోడ్ పత్రం మీద సంతకం పెట్టించుకుంటారు. మరాఠీలో హక్కసోడ్ అంటే హక్కు వదులుకోవడం. తెలుగిళ్లలోనూ ఆ మరాఠీ మాటే నిలిచిపోయింది, కచేరీ భాష అదే కాబట్టి. సంతకం అయ్యాక చీర పెడతారు, ఒడి నింపుతారు. ఎకరాల భూమికి బదులు పసుపు బియ్యం! ఇది ఆచారం తప్పు అని నేను అనను. ఆచారాన్ని అడ్డం పెట్టుకుని హక్కు లాక్కోవడం తప్పు అంటాను.

కిన్వట్ నుంచి ఒకరు:

అక్కా, మరీ అంత కటువుగా చెప్పకండి. మా అమ్మ ఒడిబియ్యం కోసం రోజులు లెక్కపెట్టుకునేది. అది ఆమెకు దొరికిన గౌరవం. పెళ్లప్పుడు పసుపు కుంకుమ కింద చెలక రాసిచ్చిన ఇళ్లూ ఉన్నాయి కదా.

బోధన్ నుంచి ఒకరు:

ఉన్నాయన్నా. కానీ పసుపు కుంకుమ కింద ఇచ్చేది తండ్రి ఇష్టం, వాటా పుట్టుకతో వచ్చే హక్కు. సరిహద్దులో దీనికి ఒక విచిత్రమైన చరిత్ర ఉంది. 1956 దాకా మన రెండు వైపులూ ఒకటే హైదరాబాద్ రాష్ట్రం. ఆ ఏడాదే హిందూ వారసత్వ చట్టం వచ్చింది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుక హక్కు అప్పుడు రాలేదు. ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలైంది, మహారాష్ట్రది 1994 జూన్ 22 నుంచి. రెండూ ఆ తేదీకి పెళ్లయిన కూతుళ్లను వదిలేశాయి. అంటే 1990లో పెళ్లయిన పిల్లకు అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని బోధన్ భూమిలో హక్కుంది, ధర్మాబాద్ భూమిలో లేదు! 2005 సెప్టెంబర్ 9న కేంద్ర సవరణ వచ్చాకే రెండు వైపులా పెళ్లయిన కూతుళ్లకూ దారి తెరుచుకుంది. ఆ రోజుకు తండ్రి బతికి ఉండాల్సిన పనిలేదని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

ముస్లిం ఇళ్లలో షరీయత్ ప్రకారం కొడుకు వాటాలో సగం కూతురిది, అది ఎప్పటినుంచో ఉన్న నియమం. అక్కడా అన్నదమ్ములు దూరమవుతారని అడగకుండా ఊరుకునే ఆడవాళ్లు ఉన్నారు. మతం ఇచ్చినదాన్ని కూడా బంధుత్వం ఆపేస్తోంది.

దెగ్లూర్ నుంచి:

కిన్వట్ అన్నా, మీ అమ్మగారి సంతోషం నిజమే, దాన్ని నేను తక్కువ చేయను. కానీ భర్త పోయిన ఆడబిడ్డకు ఒడి ఎందుకు నింపరు? ఆమెకు తల్లిగారింటి అండ అన్నిటికంటే ఎక్కువ కావలసింది అప్పుడే కదా. హళదీ కుంకూ పేరంటానికీ పిలవరు. కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ గ్రామ పంచాయతీ 2022 మేలో బొట్టు చెరపడం, గాజులు పగలగొట్టడం, మంగళసూత్రం, మట్టెలు తీయించడం వద్దని తీర్మానం చేసింది. అదే నెలలో మహారాష్ట్ర ప్రభుత్వం మిగతా పంచాయతీలూ ఆ బాట పట్టాలని సర్క్యులర్ ఇచ్చింది. ఊరు తలచుకుంటే ఆచారం మారుతుంది. ఆచారం దేవుడు రాసింది కాదు, మనం నడిపేది.

ఇంకొక్క మాట, సంతకం అడిగేవాళ్ల ఇళ్లలోని చెల్లెళ్ల కోసం. ఒడి నింపించుకున్నంత మాత్రాన హక్కు పోదు. నోటిమాటతోనూ పోదు. వంద రూపాయలు, ఆ పైన విలువ చేసే స్థిరాస్తిలో హక్కు వదులుకుంటూ రాసే పత్రం రిజిస్టరు కావాల్సిందే. కాబట్టి చదవకుండా వేలిముద్ర వేయొద్దు, పత్రం మరాఠీలో ఉంటే తెలుగులో చెప్పించుకోండి.

మాట సంగతికి వస్తే, భర్త లేని ఆడబిడ్డకూ ఒడిబియ్యం పోసే ఇళ్లు ఆదిలాబాద్, గడ్చిరోలి వైపు ఉంటే చెప్పండి. అక్కడ దాన్ని ఒడిబియ్యమే అంటారా, వేరే పేరుందా?