సీఎస్ఈ 2-1: డిస్క్రీట్ మ్యాథ్స్‌కి టైమ్ పెట్టాలా, పాసైతే చాలా?

అమలాపురం_21
ఆర్23 సిలబస్, సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్), 2-1 అంటే రెండో ఏడాది మొదటి సెమ్. ఈ సెమ్‌లో డిస్క్రీట్ మ్యాథ్స్ అండ్ గ్రాఫ్ థియరీ, అడ్వాన్స్‌డ్ డేటా స్ట్రక్చర్స్, జావా, డిజిటల్ లాజిక్ ఉన్నాయి. కాలేజీ బస్సు దిగాక రోజుకి 2 గంటలే మిగులుతాయండి. మ్యాథ్స్ పాస్ మార్కులకి చదివేసి ఆ 2 గంటలూ కోడింగ్‌కి పెట్టొచ్చా?

భీమవరం_బైట్స్
పెట్టెయ్ తమ్ముడూ. ప్లేస్‌మెంట్ ఆప్టిట్యూడ్‌లో వచ్చేవి పర్సెంటేజీలు, కాలం-పని, రైళ్ల లెక్కలు. అది స్కూలు లెక్కే. ఆ తర్వాత కోడింగ్ రౌండు. డిస్క్రీట్ మ్యాథ్స్‌లోని పీడీఎన్ఎఫ్, పీసీఎన్ఎఫ్ (లాజిక్ వాక్యాల్ని ఒకే అచ్చులో రాసే నార్మల్ ఫామ్‌లు) టేబుళ్లు ఏ రౌండ్లోనూ వేయించరు. రోజుకి 2 ప్రాబ్లమ్స్ చెయ్యి. ఎరేలు, స్ట్రింగులు, హ్యాష్‌మ్యాప్, బైనరీ సెర్చ్, ఆ తర్వాత ట్రీలు.

కోటిపల్లి_రేవు
బైనరీ సెర్చ్, అంటే ప్రతిసారీ మధ్యలోది చూసి సగం వదిలేస్తూ వెతకడం, మీరే ఎత్తారు కాబట్టి దాన్నే చూద్దామండి. చిన్నదాని నుంచి పెద్దదానికి వరసలో పేర్చిన 8 వేర్వేరు సంఖ్యలు, స్థానాలు 0 నుంచి 7. అడిగినదానికి సమానంగానో తక్కువగానో ఉన్నవాటిలో చివరిది కావాలి. ఎడమ=0, కుడి=7, మధ్య=(ఎడమ+కుడి)/2, శేషం వదిలెయ్యాలి. మధ్యలోది పెద్దదైతే కుడి=మధ్య−1, లేకపోతే ఎడమ=మధ్య. ఎడమ, కుడి కంటే తక్కువున్నంతసేపు తిప్పాలి.
మొదటి సంఖ్యని వెతకండి. మధ్య 3, కుడి 2 అవుతుంది. మధ్య 1, కుడి 0 అవుతుంది. ఆగింది. ఇప్పుడు రెండో సంఖ్యని వెతకండి. ఎడమ 1, కుడి 2 దగ్గరకొస్తుంది. 3ని 2తో భాగిస్తే 1, మళ్లీ ఎడమ=1. ఇక ప్రోగ్రాం ఆగదు.
ప్రతి చుట్టులో కుడి−ఎడమ తగ్గుతోందా అని కాగితం మీద ఒక్కసారి అడిగితే తప్పు బయటపడుతుంది. మధ్య=(ఎడమ+కుడి+1)/2 అని రాస్తే మధ్య ఎప్పుడూ ఎడమకన్నా పెద్దదే, కాబట్టి దూరం తగ్గి తీరుతుంది. 2-1లో చెప్పే ఇండక్షన్ (మొదటిదానికి నిజం, ఒకదానికి నిజమైతే తర్వాతదానికీ నిజం అని చూపి అన్నిటికీ నిరూపించడం) అంటే ఇదేనండి.

భీమవరం_బైట్స్
8 సంఖ్యలూ ఒక్కొక్కటే వెతికి చూస్తే నిమిషంలో దొరికే తప్పు అది. దానికి ఇండక్షన్ ఎందుకు? టెస్టులు రాయడం నేర్పండి చాలు.

కోటిపల్లి_రేవు
8కి చూశారు సరే, 10 లక్షలకి ఏ ధైర్యంతో ఇస్తారు? పైన రాసిన రెండు వాక్యాలు ఎన్ని సంఖ్యలకైనా సరిపోతాయి.

లాకుల_వంతెన
కూడిక దగ్గర ఇంకో తప్పుంది. జావాలో ఇంట్ (పూర్ణాంకం దాచే 32 బిట్ల గడి) 2147483647 వరకే, అది దాటితే మైనస్‌లోకి తిరుగుతుంది. ఎడమ 150 కోట్లు, కుడి 200 కోట్లు అయితే కూడిక −794967296 అవుతుంది. జావా సొంత లైబ్రరీలోనే ఈ తప్పు ఏళ్ల తరబడి ఉండి 2006లో అందరి దృష్టికీ వచ్చింది. ఎడమ+(కుడి−ఎడమ+1)/2 అని రాయాలి.

భీమవరం_బైట్స్
చూశారా, అది మ్యాథ్స్ కాదు. ఇంట్ సైజు తెలియడం. నేను చెప్పేదీ అదే.

కోటిపల్లి_రేవు
32 బిట్లలో కూడిక అంటే మాడ్యులో అరిథ్మెటిక్, గడియారంలో 12 దాటితే మళ్లీ 1 వచ్చినట్టు. అది మ్యాథ్స్ కాకపోతే ఏంటండి?

భీమవరం_బైట్స్
పేరు ఏదైనా పెట్టుకోండి. జావా మొదటి వారంలో చెప్పేస్తారు.

నరసాపురం_లేసు
ఒక్క బైనరీ సెర్చ్ పట్టుకుని ఎంతసేపు? కుర్రాడు అడిగింది టైమ్ గురించి.

కోటిపల్లి_రేవు
టైమ్ గురించే చెప్తున్నా. 10 లక్షల రికార్డుల్ని బబుల్ సార్ట్ (పక్కపక్కవాటిని పోల్చి మారుస్తూ పేర్చడం) చేస్తే దాదాపు 50,000 కోట్ల పోలికలు. మెర్జ్ సార్ట్‌కి (సగాలుగా విడగొట్టి పేర్చి కలపడం) దాదాపు 2 కోట్లు. ఎందుకంత తేడానో రికరెన్స్ యూనిట్ (పెద్ద లెక్కని దాని చిన్న రూపాలతో చెప్పే సమీకరణాలు) చెప్తుంది. అది వదిలెయ్యమనేవాళ్లు మన జిల్లాల పిల్లల్ని జీవితమంతా ఇంకొకరు చెప్పింది టైప్ చేసే కూలీలుగా ఉంచుతున్నారు.

భీమవరం_బైట్స్
కూలీలా? ఆ మాట వెనక్కి తీసుకోండి. ఎక్స్‌టర్నల్ 70 మార్కుల పేపర్లో ఇండక్షన్ అంటే 1 నుంచి n వరకు మొత్తం n(n+1)/2 అని నిరూపించడం. లూపు ఆగుతుందా అని ఏ పేపరూ అడగదు. పిల్లలు ఆ 3 స్టెప్పులూ బట్టీపట్టి రాస్తారు, ఫుల్ మార్కులు పడతాయి, ఏమీ రాదు. గ్రాఫ్ థియరీ (బిందువులు, వాటిని కలిపే గీతల లెక్క) అంటే 1736 నాటి కోనిగ్స్‌బర్గ్ 7 వంతెనల కథ, ఒక్కో వంతెననీ ఒక్కసారే దాటి అన్నీ తిరగొచ్చా అని. క్లాసు కిటికీలోంచి కాలువ కనిపిస్తుంటుంది, దాని ఊసే ఉండదు. నేను వదలమన్నది మీరు చెప్పే మ్యాథ్స్‌ని కాదు, ఈ పరీక్షని.

లాకుల_వంతెన
కాలువ మాటొచ్చింది కాబట్టి. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీళ్లు మూడు డెల్టాలకి విడిపోతాయి, తూర్పు, మధ్య, పశ్చిమ. ప్రతి లాకూ ఒక నోడు (బిందువు), ప్రతి కాలువా ఒక ఎడ్జి (గీత), మోయగలిగే క్యూసెక్కులు దాని కెపాసిటీ. శివారు ఊరికి అత్యధికంగా ఎన్ని క్యూసెక్కులు పంపొచ్చు అంటే అదే మాక్స్ ఫ్లో. ఆ ఊరికి నీళ్లు అందకుండా తెంచే కాలువల గుంపు ఒక కోత; ఎంత నీరు వదిలినా కోతల్లో అతి తక్కువ కెపాసిటీ ఉన్నదాన్ని దాటి పోదు. దీన్ని లెక్కగా ఇచ్చే క్లాసు ఉంటే ఎవరూ వదలరు.

కోటిపల్లి_రేవు
కూలీలు అన్నమాట వెనక్కి తీసుకుంటున్నా, తప్పే. పరీక్ష గురించి మీరన్నది ఒప్పుకుంటా. కానీ పరీక్ష పాడైందని చదువు మానేస్తామా? కుర్రాడు తనే కలుపుకోవాలి. ఇండక్షన్ చదివిన రోజు తను రాసిన 3 లూపుల పక్కన కామెంట్ పెట్టాలి, "ప్రతి చుట్టు మొదట్లో ఇది నిజం" అని. గ్రాఫులు చదివిన రోజే అడ్జసెన్సీ లిస్టుతో (ప్రతి నోడుకీ దాని పక్క నోడుల జాబితా) బీఎఫ్ఎస్ (దగ్గరి నోడుల నుంచి అంచెలంచెలుగా వెతకడం) జావాలో రాయాలి.

భీమవరం_బైట్స్
అదిగో, గొడవంతా అక్కడే. మ్యాథ్స్ డిపార్ట్‌మెంటూ సీఎస్ఈ డిపార్ట్‌మెంటూ కూర్చుని కలపాల్సిన పని అది. దాన్ని 2 గంటలున్న పిల్లాడి నెత్తిన పెడుతున్నారు. హాస్టల్లో ఉన్నవాడు మోస్తాడు. రాజోలు నుంచి బస్సులో వెళ్లొచ్చేవాడు మొయ్యలేడు. వాడు మోయలేకపోతే తప్పు వాడిదంటున్నారు.

కోటిపల్లి_రేవు
వాళ్లు కలిపేసరికి ఇతని డిగ్రీ అయిపోతుందండి.

భీమవరం_బైట్స్
అందుకే ఉన్న 2 గంటలూ ఉద్యోగానికి పెట్టమంటున్నా.

అమలాపురం_21
ఇద్దరికీ థాంక్స్ అండి. అయితే ఏ యూనిట్లు బాగా చదవాలి, ఏవి పరీక్షకే చాలు?

కోటిపల్లి_రేవు
ఇండక్షన్, రికరెన్స్, గ్రాఫుల్లో బీఎఫ్ఎస్, డీఎఫ్ఎస్ (ఒక దారిలో చివరిదాకా వెళ్లి వెనక్కి రావడం), స్పానింగ్ ట్రీ (చుట్టు పడకుండా అన్ని నోడుల్నీ కలిపే ఎడ్జిలు) బాగా. వీటికి వారంలో 3 రోజులు, ప్రతిదానికీ అదే రోజు కోడు. నార్మల్ ఫామ్‌లు పరీక్ష ముందు చాలు.

భీమవరం_బైట్స్
3 కాదు, 1 రోజు. 2-2లో ప్రాబబిలిటీ వస్తుంది, అప్పుడు 3 రోజులు పెట్టు. 99 రిక్వెస్టులు 10 మిల్లీసెకన్లలో, ఒక్కటి 5 సెకన్లలో వస్తే సగటు దాదాపు 60 మిల్లీసెకన్లే చూపిస్తుంది. ఆ ఒక్క కస్టమరు మాత్రం యాప్ మూసేసి పోతాడు. ఈ లెక్క రానివాడు సర్వర్ చూడలేడు.

కోటిపల్లి_రేవు
ఇండక్షన్‌కి 1 రోజు చాలదండి. కనీసం 2.