నమూనా, మచ్చు, శాంపిల్: బెన్ను నుంచి వచ్చినదాన్ని ఏమనాలి?

సభ్యులకు నమస్కారం. ఒక పిల్లల పత్రిక కోసం నాసా వారి ఒసైరిస్-రెక్స్ నౌక గురించి రాస్తున్నాను. కథ సాఫీగానే నడిచింది. 2016 సెప్టెంబర్ 8న ఫ్లోరిడాలోని కేప్ కెనావెరల్ నుంచి అట్లాస్-5 రాకెట్ మీద బయల్దేరింది. 2018 డిసెంబర్‌లో బెన్ను అనే గ్రహశకలాన్ని చేరింది. దాదాపు రెండేళ్లు దాన్ని దగ్గర్నుంచి పరిశీలించి, నౌక తన మరచెయ్యి ఎక్కడ పెట్టవచ్చో మ్యాపులు గీసి చూసుకున్నారు. 2020 అక్టోబర్ 20న అక్కడి రాళ్లూ మట్టీ తీసుకుంది. 2023 సెప్టెంబర్ 24న వాటిని పెట్టిన డబ్బా పారాచూట్‌తో యూటా ఎడారిలో దిగింది.

శీర్షిక దగ్గరే పేచీ వచ్చింది. 'భూమికి చేరిన బెన్ను నమూనా' అని పెడితే మా అమ్మాయి చదివి, "దేంతో చేశారు నాన్నా?" అంది. దాని ప్రశ్నలో న్యాయం ఉంది. సైన్స్ ఫెయిర్‌కి థర్మోకోల్‌తో చేసుకెళ్లేది రాకెట్ నమూనా. పరీక్షల ముందు ఇచ్చేది నమూనా ప్రశ్నపత్రం. అక్కడ నమూనా అంటే అసలు వస్తువు కాదు, దానిలా చేసినది. రక్త నమూనా, నీటి నమూనా అన్నప్పుడేమో అసలుదాంట్లోంచే తీసిన కాస్త. వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో బెన్ను రాయి ఒకటి పెట్టారు. దాని పక్కన 'బెన్ను నమూనా' అని తెలుగులో చీటీ అంటిస్తే, అసలు రాయి అనుకోవాలా, బొమ్మ అనుకోవాలా?

మనకు 'మచ్చు' ఉంది కదా. మచ్చుకు రెండు పద్యాలు వినిపించండి అంటాం. కనికరం మచ్చుకైనా లేదంటాం. 'మచ్చుతునక' అయితే మరీ అతికినట్టుంటుంది, వచ్చినవి నిజంగా తునకలే కాబట్టి. కానీ పత్రికల్లో ఆ మాట ఎప్పుడూ 'అధికారుల నిర్లక్ష్యానికి మచ్చుతునక' అనే చోటే కనిపిస్తోంది. రాయవచ్చంటారా?

జవాబు:
మాస్టారూ, నేను వ్యవసాయ శాఖలో చేసి రిటైరయ్యాను. సర్వీసంతా 'మట్టి నమూనా' అనే అన్నాం. ఒక్క రైతూ మట్టితో బొమ్మ చేసి పట్టుకురాలేదు. నమూనా 'తీస్తే' శాంపిల్, 'చేస్తే' మోడల్. అర్థం క్రియలో ఉంటుంది. మీ శీర్షికలో క్రియ లేదు, పేచీ అంతా అందుకే. 'బెన్ను నుంచి తీసిన నమూనా' అనండి, తీరిపోతుంది.

అయితే ఇంకో సంగతి. మేం పొలంలో ఎనిమిది పది చోట్ల 'వి' ఆకారంలో గొయ్యి తీయించి, దాని అంచు నుంచి మట్టి గీకి, అంతా ఒకచోట కలుపుతాం. నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండూ పారేస్తాం. అరకిలో మిగిలేదాకా అదే పని. అప్పుడే అది ఆ పొలానికి నమూనా. గట్టు పక్కన ఒక్క చోట తీస్తే మా ల్యాబ్‌వాళ్లు ఒప్పుకోరు. బెన్ను బరువు ఏడు కోట్ల టన్నుల పైమాట అంటున్నారు. అందులో ఒక్క చోట తీసిన 121.6 గ్రాములు మా లెక్కలో నమూనా అవదు. మచ్చు అవుతుంది. మీ మాటే ఖాయం చేసుకోండి.

జవాబు:
పై పెద్దాయన భలే తేల్చారు. నాది చిన్న సవరణ. మీ వ్యాసంలో నౌక బెన్ను మీద 'దిగింది' అని మాత్రం రాయకండి. దిగలేదు. చెయ్యి ఆనించి కొన్ని సెకన్లలోనే వెనక్కి లేచిపోయింది. 'తాకీ తాకనట్టు తాకి వచ్చింది' అంటే అందంగా ఉంటుంది.

పోస్టు పెట్టినవారి జవాబు:
అందంగానే ఉంటుందండీ, కానీ జరిగింది అది కాదు. చెయ్యి ఆనగానే లోపలికి దిగబడిపోయింది, సుమారు అర మీటరు. బెన్ను గట్టి బండ కాదు, ఒకదాని మీద ఒకటి ఊరికే ఆనుకుని ఉన్న రాళ్ల కుప్ప. పైన అడ్డు అన్నదే లేదు. నైట్రోజన్ వాయువును ఊది రేపిన రాళ్లను పట్టుకుని, ఇంజిన్లు వెలిగించి పైకి లేచింది. ఆ తాకిడికి ఎనిమిది మీటర్ల వెడల్పు గుంట పడింది. 'తాకీ తాకనట్టు' అంటే నౌకవాళ్లు నవ్వుతారు. 'తాకీ తాకగానే' అంటాను. రెండక్షరాల తేడాతో నిజం చెప్పినట్టవుతుంది.

జవాబు:
మేం ఉండేది హ్యూస్టన్‌లో. ఇక్కడి స్పేస్ సెంటర్‌లో పిల్లలకు ఆ రాయి చూపించాం. నల్లగా, బొగ్గు పలుకులా ఉంది. ఇంట్లో అందరం 'శాంపిల్' అనే అంటాం, తప్పేముంది?

నిజానికి అది ఎంత ఉందో వాళ్లకే చాలాకాలం తెలీదు. రాళ్లు అడ్డుపడి నౌక చేతి చివరి మూత సరిగ్గా పడలేదు, సందులోంచి పలుకులు జారి అంతరిక్షంలోకి పోతున్నాయి. టెన్షన్ పడి, తూకం వేసే పని మానుకుని ముందు డబ్బాలో పెట్టి మూసేశారు. భూమికి వచ్చాక రెండు బిగింపులు ఊడిరాలేదు. వాటి కోసం పనిముట్లు కొత్తగా తయారు చేయించి, 2024 జనవరిలో తెరిచారు. కావలసింది 60 గ్రాములు, దొరికింది దానికి రెట్టింపు. చాలా భాగం రేపటి శాస్త్రవేత్తల కోసం దాచి ఉంచుతున్నారు. పరీక్షించిన కొంచెంలోనే మన ప్రోటీన్లలో ఉండే 20 అమైనో ఆమ్లాల్లో 14 కనిపించాయట.

జవాబు:
కొలతకు మాటలు వెతుక్కోనక్కర్లేదు, తెలుగులో బోలెడున్నాయి. బెన్ను నుంచి వచ్చింది గుప్పెడు. జపాన్ వారి హయబుసా-2 నౌక ర్యుగు అనే గ్రహశకలం నుంచి 2020లో తెచ్చింది 5.4 గ్రాములు, అంటే చిటికెడు. 2010లో వచ్చిన మొదటి హయబుసా ఇటోకావా అనే మరో శకలం నుంచి తెచ్చింది మొత్తం కలిపినా ఒక మిల్లీగ్రాము లేదు. ఇసుమంత అందామంటే, ఇసుము అంటే ఇసుక కదా, ఆ రేణువుల్లో చాలా వాటికి ఇసుక రేణువంత సైజు కూడా లేదు. అంత చిన్నవాటికి మన దగ్గర 'నలుసు' ఉంది.

జవాబు:
గ్రహశకలం అనే మాట గురించి ఎవరూ ఎత్తలేదేం? హిందీలో క్షుద్రగ్రహ్ అంటారు. సంస్కృతంలో క్షుద్రం అంటే చిన్నది, అంతే. మనం గనక అది తెచ్చుకుని ఉంటే 'భూమివైపు దూసుకొస్తున్న క్షుద్రగ్రహం' అని టీవీలో స్క్రోలింగ్ వచ్చేది, ఆ రాత్రికి ఊరంతా నిమ్మకాయలు కట్టుకునేవాళ్లు. శకలమే మేలు.

పోస్టు పెట్టినవారి జవాబు:
అందరికీ ధన్యవాదాలు. 'బెన్ను మచ్చు చేతికొచ్చింది' అని శీర్షిక మార్చాను. లోపల మొదటిసారి మాత్రం 'మచ్చు, అంటే శాంపిల్' అని విప్పి చెబుతాను. పెద్దాయన మట్టి పరీక్ష సంగతి కూడా ఆయన అనుమతిస్తే ఒక పెట్టెలో వేస్తాను.

ఇంకో చిక్కుంది. చైనావాళ్లు 2025 మే 29న షీచాంగ్ నుంచి పంపిన తియాన్‌వెన్-2 కూడా ఇదే పని మీద వెళ్లింది, మచ్చు 2027 చివర్లో రావాలి. అది వెళ్లే గ్రహశకలానికి హవాయి భాషలో పేరు పెట్టారు. తెలుగులో రాస్తే 'కమోఓఅలేవా' అని వస్తోంది. అచ్చు పక్కన అచ్చు, చదవడానికే గొంతు పట్టుకుంటోంది. ఏం చేయమంటారు?

జవాబు:
యడాగమం చేసెయ్యండి మాస్టారూ. 'కమోయలేవా' అవుతుంది. మచ్చు మోసుకురావడానికి వెళ్తున్న నౌకను పట్టుకుని 'మోయలేవా' అని అడిగినట్టుంటుంది.